కిటికీ పక్క పై మంచం

ఇల్లు, కుట్టుమిషను పక్క కుర్చీ
ఎండలు ముదరకముందు

బాబూ,

నువ్వు ఫోను చేశావని మీ మామయ్య చెప్పారు. నాకు ఫోనులో సగం మాటలు వినపడవు. వినపడని సగానికి ఊఁ కొడతాను, తర్వాత దేనికి ఒప్పుకున్నానో తెలియక తల పట్టుకుంటాను. అందుకని నాకు కాగితమే నయం. రోజంతా బస్సుల కింద పడుకుని బోల్టులు బిగించే మనిషివి, నీకు ఉత్తరం రాయడం కష్టమే. నాలుగు ముక్కలు రాయి, చాలు.

అసలు సంగతికి వస్తాను. సరస్సు దగ్గరి క్యాంపు వాళ్లు ఈ వేసవికి ఎవరెవరు వస్తున్నారో చెప్పమన్నారు. మనం ఎప్పుడూ ఉండే చెక్క గదినే మనకి అట్టే పెట్టారట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటిల్లిపాదీ కలిసి నీళ్ల పక్కన అన్ని రోజులు పడుకునే భాగ్యం మనలాంటి వాళ్లకి ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పు? వంటా మనదే, గిన్నెలూ మనవే, ఊడ్చుకోవడమూ మనదే అనుకో. మీ మామయ్య చెట్టు కింద కుర్చీ వేసి క్యాంపులో అందరికీ క్షవరం చేస్తే మన వంతు పనిలో సగం తీరిపోతుంది. ఇంట్లో ఉన్నా చేసేది అదే కదా అని నేనంటే, “ఇక్కడ గాలి వేరు” అంటారు ఆయన.

ఆరుగురం వస్తామని చెప్పేశాను. మీ మామయ్య, నేను, మా తమ్ముడు, నువ్వు, పిడుగు, అమ్మాయి. మా తమ్ముడి గురకకి పక్క గదివాళ్లు పోయినేడాది గోడ బాదారు, గుర్తుందా? పిడుగు వాడికి గురక తాతయ్య అని పేరు పెట్టింది కూడా అప్పుడే.

అందరికంటే ముందు లేచేది నేనే కదా. అమ్మాయిని పాదం పట్టి ఊపి లేపేదాన్ని, నిన్ను మంచం కోడు మీద పళ్లెం మోగించి. అయినా నువ్వు లేచేవాడివి కాదు. ఈసారి ఇంకా పెద్ద పళ్లెం తెస్తాను. సెలవు పెట్టుకో. పిడుగుకి ముద్దులు.

మీ అత్తయ్య


బస్సుల డిపో, భోజనాల బల్ల

అత్తయ్యగారికి నమస్కారాలు.

మేం బాగున్నాం. పాప బాగా చదువుతోంది. ముందు పన్ను ఊడింది. మామయ్యగారి నడుంనొప్పి ఎలా ఉంది?

సెలవు సంగతి చెప్పలేను. వేసవిలో బండ్లన్నీ రోడ్డు మీదే ఉంటాయి, మెకానిక్కులని కదలనివ్వరు. అడిగి చూస్తాను.

ఇంకొకటి. ఆరుగురం అని రాశారు. రెండుసార్లు చదువుకున్నాను. అత్తయ్యగారూ, మనం ఐదుగురమే.

కాస్త చోటు మిగిలింది, పాప రాస్తానంటోంది. ఇస్తున్నాను. నేను బండి కిందికి వెళ్లాలి, తనే అంటించి పోస్టులో వేస్తుంది.

ఉంటాను.

అమ్మమ్మా నేను పిడుగుని. నాకు కిటికీ పక్క పై మంచం కావాలి. ఎనిమిదేళ్లు వస్తే ఇస్తానని అమ్మ చెప్పింది. నాకు ఎనిమిది వచ్చేశాయి. లైబ్రరీ ఆంటీ నాకు రెండు జడలు వేసింది. నాన్న వేస్తే ఊడిపోతాయి, ఆంటీ వేస్తే పడుకున్నా ఊడవు. ఆదివారం కూడా వచ్చి వేస్తుంది. అప్పుడు నాన్న నవ్వుతాడు.


ఇల్లు

అల్లుడుగారికి,

మీ ఉత్తరం అందింది. ఆరోగ్యంగా ఉన్నందుకు సంతోషం. మామయ్యగారి నడుం అలాగే ఉంది.

లెక్క నాకూ వచ్చు. ఆ మాట నోటికి అలవాటుగా వచ్చేసింది, అంతే. ఉత్తరం పోస్టులో వేసి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాక గాని తెలియలేదు ఏం రాశానో. తెలిశాక కూడా క్యాంపు ఆఫీసుకి వెళ్లి దిద్దించబుద్ధి కాలేదు. తల్లిని, నా చేత్తో నేను ఆ అంకె తగ్గించలేకపోయాను. తమరు తగ్గించి చూపించారు, మంచిది.

స్కూలు దుస్తుల కుట్టుపని చాలా ఉంది. ఎక్కువ రాయడానికి తీరిక లేదు.

పాపకి జడలు వేస్తున్నవారెవరో గాని, నడినెత్తిన బిగించి వేస్తే దానికి తలనొప్పి వస్తుందని చెప్పండి. వాళ్లమ్మకీ అంతే.

ఇట్లు,
పాప అమ్మమ్మ


డిపో, పనిముట్ల గది

అత్తయ్యగారికి,

మీ ఉత్తరంలో ‘గారు’, ‘తమరు’ చూసి సగం అర్థమైంది. చివర ‘పాప అమ్మమ్మ’ అని చూసి మిగతా సగం అర్థమైంది. పెళ్లైన రోజు నుంచీ మీరు నన్ను బాబూ అనే పిలిచారు. మా ఇంట్లో కూడా నన్నెవరూ అలా పిలవలేదు. పాప ఏం రాసిందో దాన్ని అడిగి తెలుసుకున్నాను. నేను చెప్పాల్సిన మాట అది చెప్పేసింది.

ఆమె పాప స్కూల్లో లైబ్రరీ చూస్తుంది. మీ అమ్మాయి పోయాక నా డ్యూటీ అయ్యేదాకా పాపని ఎక్కడ ఉంచాలో తెలిసేది కాదు. స్కూలు వదిలాక గేటు దగ్గర కూర్చునేది. ఆమె లోపలికి పిలిచి కూర్చోబెట్టుకునేది. నేను గ్రీజు చేతులతో వెళ్లేసరికి పాప పుస్తకం మీద తల పెట్టి నిద్రపోతూ ఉండేది, ఆమె తాళాలు చేత్తో పట్టుకుని ఎదురుచూస్తూ ఉండేది. ఒక్కరోజు కూడా ఆలస్యమైందని అనలేదు. అలా మొదలైంది.

పెళ్లి గురించి ఇంకా ఏమీ అనుకోలేదని రాద్దామనుకున్నాను. అది అబద్ధమవుతుంది. అనుకున్నాం. తేదీ లేదు. మీకు చెప్పకుండా తేదీ పెట్టుకోవడం నావల్ల కాలేదు, చెప్పడమూ నావల్ల కాలేదు. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ మామయ్యగారి నడుంనొప్పి దగ్గరే ఆగిపోయేవాడిని.

క్యాంపుకి మమ్మల్ని రమ్మంటారో వద్దంటారో మీ ఇష్టం. ఇప్పుడు నేను మీకు ఏమవుతానో నాకే తెలియదు.


ఇల్లు

ఏమవుతావా?

పైకి బాగానే రాశావు. చదివి మిషను మీద తల పెట్టుకుని కూర్చుండిపోయాను. కుట్టడానికి ఇచ్చిన నిక్కరు మీద కన్నీళ్లు పడి సుద్ద గీత చెరిగిపోయింది, మళ్లీ కొలత తీసుకోవాల్సి వచ్చింది.

ఏడాది తిరగలేదు. పోయిన వేసవిలో ఆ సరస్సులో అది ఈత కొడుతుంటే ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడ్డవాడివి నువ్వు. వానలు పడగానే జ్వరమన్నారు, వానలు తగ్గేసరికి మనిషి లేదు. దాని బట్టలు ఇంకా మా బీరువాలో మడతల మీదే ఉన్నాయి. నీకప్పుడే ఆదివారాలు నవ్వు వస్తోందా? నాకు రావడం లేదు. నాకు ఆకలి వేస్తే కూడా సిగ్గేస్తోంది.

ఆవిడ మంచిదే కావచ్చు. మంచిదైతే మరీ కష్టం. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేదాన్ని. నేను ఎవరిని తిట్టుకోవాలి? దేవుడిని తిట్టి తిట్టి నోరు నొప్పెడుతోంది.

పిడుగుని పంపించు, అది నా రక్తం. మీరిద్దరూ రానక్కర్లేదు. క్యాంపులో ఒక్క మంచం ఖాళీగా ఉంచరని, ఉంటే ఎవరినైనా తెచ్చి పడుకోబెడతారని తెలుసు. అందుకే కదా అంత చవకగా ఇస్తున్నారు. నీ మంచంలో ఎవరు పడుకున్నా నాకు ఒకటే. కిటికీ పక్కది మాత్రం నేను ఎవరికీ ఇవ్వను. అడ్డంగా నిలబడతాను.

అత్తయ్య

బాబూ, దీన్ని పోస్టు చేసేది నేనే కనక చదివాను. చించేద్దామనుకున్నాను. చించితే మళ్లీ రాస్తుంది, ఇంకా గట్టిగా రాస్తుంది. తిడుతూ కూడా చివర ‘అత్తయ్య’ అని పెట్టింది చూడు. — మామయ్య


ఇల్లు, వంటగది

అత్తయ్యగారికి,

తిట్టినందుకు బాధ లేదు. ‘గారు’ కంటే ఇది నయం.

పాపని నేనే తీసుకొచ్చి దింపి వెనక్కి వస్తాను. ఆమె రాదు. ఆ ఉత్తరం ఆమెకి చూపించలేదు, కానీ నా మొహం చూసి అడిగింది, చెప్పాను. “ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అలాగే అంటాను” అని మాత్రం అంది. తర్వాత రెండు ఆదివారాలు మా ఇంటికి రాలేదు. పాప జడలు నేనే వేశాను. ఊడిపోయాయి.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆ మంచంలో ముక్కూ మొహం తెలియని మనిషి పడుకుంటే నేనూ చూడలేను. ఆ కిటికీ చెక్క మీద తను చిన్నప్పుడు గోటితో గీసిన పడవ బొమ్మ ఉంది, మీకు తెలుసో లేదో. పడుకుంటే గాని కనపడదు. పెళ్లైన మొదటి వేసవిలో నన్ను పైకి ఎక్కించి చూపించింది. ఎవరో వచ్చి ఆ పక్కనే తువ్వాలు ఆరేసుకుంటారు.

మీరు క్యాంపు వాళ్లతో మాట్లాడి చూడండి.


ఇల్లు, మిషను పక్కన

బాబూ,

వెళ్లి మాట్లాడాను. క్యాంపు ఆఫీసులో ఉండే పెద్దాయన నాకు అమ్మాయి అంత వయసున్నప్పటి నుంచీ తెలుసు. విషయం విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “అమ్మా, నిజమే, కానీ మీకొక మంచం వదిలితే రేపు ఇంకొకరు అడుగుతారు. పోయినవాళ్లు లేని గది ఇక్కడ ఒక్కటీ లేదు. అందరికీ అలా వదిలేస్తూ పోతే ఇక్కడికి డబ్బున్నవాళ్లు తప్ప ఎవరూ రాలేరు” అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఎవరో ఒంటరి మనిషిని వేస్తాం, మంచివాళ్లనే చూసి వేస్తాం అన్నాడు.

ఇంటికి నడిచి వస్తూ ఆలోచించాను. ఎవరో రావడం ఖాయం. ముక్కూ మొహం తెలియని మనిషా, పిడుగుకి జడ వేసే మనిషా? నాకు రెండూ ఇష్టం లేదు. ఇష్టం లేకపోయినా ఏదో ఒకటి ఒప్పుకోవాలి కదా.

ఆవిడని తీసుకురా.

అయితే ఆ మంచం మాత్రం కాదు. అందులో నేను పడుకుంటాను. కింద నా మంచం ఆవిడకిస్తాను. మీ మామయ్య అప్పుడే మొదలెట్టారు, “నువ్వు నిచ్చెన ఎక్కుతావా, నీ మోకాళ్లు ఏమంటున్నాయో అడిగావా” అని. ఎక్కుతాను. రోజంతా మిషను తొక్కే కాళ్లు ఇవి.

పడవ బొమ్మ సంగతి నాకు తెలియదు. కన్నతల్లిని, నాకు చూపించలేదు చూడు. చూడాలి.

అత్తయ్య


క్యాంపు, మన గది మెట్ల మీద

బాబూ,

కూరగాయల వ్యాన్ అతను సాయంత్రం ఊళ్లోకి వెళ్తున్నాడు, అతని చేత ఈ ఉత్తరం పంపిస్తున్నాను. నువ్వు అందరినీ దింపి, అన్నం సగం తిని, సెలవు దొరకలేదు, డ్యూటీ ఉంది అని పరుగెత్తావు. చివరి రోజులకి వస్తానని చెప్పావు గనక నీ మంచం మాత్రం పట్టి ఉంచారు. వెళ్లేటప్పుడు గదిలోకి కూడా రాలేదు. సంచులు మెట్ల మీదే పెట్టావు. చూశాను.

నువ్వు వెళ్లాక ఏం జరిగిందో రాస్తాను. మొత్తం రాస్తాను, మధ్యలో ఆపకుండా చదువు.

దుప్పట్లు వేసుకునే వేళకి నిచ్చెన దగ్గరికి వెళ్లాను. చీర కుచ్చిళ్లు దోపుకుని ఒక మెట్టు ఎక్కాను, రెండోది ఎక్కాను. ఎడమ మోకాలు పట్టేసింది. పైకీ పోలేను, కిందికీ రాలేను. మా తమ్ముడు “అక్కా, దూకు, పట్టుకుంటా” అంటాడు. మీ మామయ్య “వాడు పట్టుకుంటే ఇద్దరూ పోతారు” అంటారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. అప్పుడు వెనక నుంచి ఎవరో నా నడుం గట్టిగా పట్టుకున్నారు. “మీరు చేతులు వదలకండి, కాలు నేను పెడతాను” అని నా పాదం పట్టుకుని కింది మెట్టు మీద పెట్టింది. ఆవిడే.

కిందికి దిగి కూర్చున్నాను. ఆవిడ తన సంచీ విప్పలేదు, దాని మీదే చేతులు పెట్టుకుని కూర్చుంది. “నేను పొద్దున బస్సుకి వెళ్లిపోతానండీ. పాప కోసం వచ్చాను, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు” అంది. నేను ఉండమని అనలేదు. అనాలని తెలుసు.

ఇంతలో నీ కూతురు తన దిండు చంకలో పెట్టుకుని ఉడతలాగా నిచ్చెన ఎక్కేసింది. పైనుంచి తల బయటికి పెట్టి, “ఎందుకు అందరూ అలా కూర్చున్నారు? ఇది నాది. అమ్మ ఇస్తానని చెప్పింది. నా కింది మంచం ఆంటీకి ఇచ్చేయండి” అంది. కాసేపటికి, “అమ్మమ్మా, ఇక్కడ పడవ ఉంది!” అని అరిచింది.

అది మొదట్లోనే రాసి పంపింది, చూశావా? పై మంచం నాకు కావాలి, అమ్మ ఇస్తానందని. నువ్వూ నేనూ ఆ కింద రాసిన రెండు జడల దగ్గరే ఆగిపోయాం. ఆ మంచం ఎవరిదో అమ్మాయి ముందే చెప్పి వెళ్లింది. మనం దాని కోసం కొట్టుకు చచ్చాం.

ఆవిడ పిడుగు మంచంలో పడుకుంది, నా పక్కనే.

ఇక పొద్దున జరిగింది. నేను ఇంకా పూర్తిగా మేలుకోలేదు. ఎన్నో ఏళ్ల అలవాటు, ఒళ్లు దానంతటదే లేచి నిలబడింది. చేయి పైకి చాచి దుప్పటి కింద పాదం పట్టుకుని ఊపాను. “లేమ్మా, నీళ్ల దగ్గర వరుస పెరిగిపోతుంది” అన్నాను. అమ్మాయినే అన్నాను బాబూ. ఒక్క క్షణం అది ఉంది. ఒట్టు, ఉంది. తర్వాత చేతిలో పాదం చిన్నగా తగిలింది. మడమ కూడా నా గుప్పెట్లో పట్టేసింది. అది అమ్మాయి పాదం కాదు.

అలాగే పట్టుకుని నిలబడి ఏడ్చాను. చప్పుడు చేయకుండానే ఏడ్చాను, పిల్ల లేవకూడదని. పక్కకి చూస్తే ఆవిడ కళ్లు తెరిచి ఉన్నాయి. చూస్తోంది. ఇప్పుడు లేచి నా భుజం మీద చేయి వేస్తుందేమో, ఊరుకోండి అంటుందేమో అని భయపడ్డాను. అలా అని ఉంటే నేను జీవితంలో ఆవిడ మొహం చూసేదాన్ని కాదు. ఏమీ అనలేదు. మెల్లగా లేచి, మన బకెట్టు తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వెళ్లిపోయింది. నేను మొహం కడుక్కుందామని వెళ్లేసరికి మన బకెట్టు వరుసలో అందరికంటే ముందుంది. ఆవిడ దాని పక్కన నిలబడి పేస్టు నురగతో ఎవరితోనో మాట్లాడుతోంది, నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

పొద్దున బస్సు వెళ్లిపోయింది. ఆవిడ సంచీ నేనే విప్పి బట్టలు మేకుకి తగిలించాను. ఇవాళ వంట వంతు మనది. ఆవిడ ఉల్లిపాయలు మరీ లావుగా తరుగుతుంది. చెప్పాను. రేపటికి సన్నగా తరుగుతుందట.

నాకు ఆవిడంటే ఇష్టం అని రాయలేను. నాకు ఇంకా చాలా రోజులు పడుతుంది. ఒకవేళ ఎప్పటికీ రాకపోవచ్చు కూడా. కానీ పిడుగు తల మీద ఆవిడ చేయి ఉంటే నా కడుపులో మంట లేదు. ఇది నిజం.

నువ్వు నాకేమవుతావో తెలియదని అన్నావు కదా, గదిలోకి కూడా రాకుండా వెళ్లినవాడిని నేనేమనాలి?

అత్తయ్య


డిపో

అత్తయ్యా,

మీ ఉత్తరం బండి కింద పడుకుని చదివాను. టార్చి కోసం వచ్చిన కుర్ర మెకానిక్కు నా మొహం చూసి వెనక్కి వెళ్లిపోయాడు.

సెలవు దొరకలేదన్నది అబద్ధం. నేను అసలు అడగనే లేదు. గదిలోకి రాకపోవడానికి కూడా కారణం అదే. మీకు పొద్దున జరిగింది నాకు కూడా జరుగుతుందని భయం. నా పై మంచం మీద నుంచి తన మంచం కనపడేది. నిద్ర లేవగానే మొదట అటే చూసేవాడిని. ఇప్పుడు అటు చూస్తే ఏం కనపడుతుందో అని ఊహించుకుని, దింపిన బస్సులోనే తిరిగి ఎక్కేశాను. ఇప్పుడు అక్కడ పాప పడుకుని ఉంటుందని మీరు రాశారు. అయితే చూడగలను.

ఇవాళ సెలవు అడిగాను, ఇచ్చారు. అంత తేలిగ్గా ఇచ్చేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది. శనివారం మొదటి బస్సుకి వస్తున్నాను. ఈ ఉత్తరం అంతకంటే ముందు బస్సు డ్రైవరు మీ చేతికిస్తాడు.

తన పాదం పట్టి ఊపాక, మీరు నా దగ్గరికి వచ్చి పళ్లెం మోగించేవారు. ఒక్కోసారి నేను అప్పటికే మేలుకుని ఉండేవాడిని. అయినా కళ్లు మూసుకుని పడుకునేవాడిని. “ఈ ఇంటి అల్లుడికి ఇంకా తెల్లారలేదా” అని మీరు తిట్టేదాకా లేచేవాడిని కాదు. ఆ మాట వినడం కోసమే అలా చేసేవాడినని తనకి తెలుసు, పై నుంచి నవ్వేది.

పళ్లెం తెచ్చే ఉంటారు. ఆదివారం పొద్దున నన్ను కూడా లేపండి.